ఊపిరి చెప్పిన పేరు

"ఊదండి. ఇంకాస్త గట్టిగా," అంది డాక్టర్ మెహరున్నీసా.

పైడితల్లి మెషిన్ గొట్టంలోకి ఊదింది. సగంలోనే దగ్గు ముంచుకొచ్చి బల్ల పట్టుకుని వంగిపోయింది. స్క్రీన్ మీద ఒక పేరు వెలిగింది: గోవిందరావు.

"మా షెడ్డు మేస్త్రీ!" అంది రొప్పుతూనే. "నా కుట్టుమిషను పక్కనే నిలబడి సిగరెట్లు కాలుస్తాడు. మానమంటే నవ్వుతాడు."

డాక్టర్ మెహరున్నీసా కనిపెట్టిన మెషిన్ చేసే పని ఒక్కటే. సిగరెట్ పొగ, దాన్ని వదిలిన మనిషి నోటి సూక్ష్మజీవుల్ని మోసుకొస్తుంది. ఆస్తమా రోగి పీల్చితే శ్వాసనాళాలు వాచి బిగుసుకుంటాయి, ఆ ఆనవాళ్ళు కఫంలో ఇరుక్కుంటాయి. అవి ఎవరివో మెషిన్ చదివేస్తుంది. విశాఖలో అందరి లాలాజలం నమూనాలూ ప్రభుత్వం దగ్గరున్నాయి. పొగ వదిలి పక్కవాళ్ళకి ఆయాసం తెప్పిస్తే జైలే.

గోవిందరావు జైలుకెళ్ళాడు.

ఆ వారమే అతని తమ్ముళ్ళు ముగ్గురూ గాజువాక బస్టాపులో పట్టపగలు పైడితల్లిని జుట్టు పట్టి ఈడ్చారు. ఇనుపరాడ్డుతో కొడితే మోచెయ్యి విరిగింది. సంచిలోంచి పడ్డ ఇన్‌హేలర్‌ని ఒకడు బూటుతో నలిపేశాడు. తర్వాత ముగ్గురూ సిగరెట్లు ముట్టించి, ఆమె దవడలు నొక్కిపట్టి, నోట్లోకే పొగ వదిలారు.

"ఊదవే! మా పేర్లు కూడా ఊదు!"

బస్టాపులో జనం చూస్తూ నిలబడ్డారు. ఆమె పెదాలు నీలంగా మారాక వదిలేసి పోయారు.

డాక్టర్ మెషిన్ తీసుకుని ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చింది. "ముగ్గురి పేర్లూ మీ ఊపిరిలోనే ఉన్నాయమ్మా. ఒక్కసారి ఊదండి, చాలు."

పైడితల్లి మొహం గోడవైపు తిప్పుకుంది. "పేర్లొస్తే ఏటవుద్ది డాక్టరమ్మా? ఆళ్ళకీ అన్నదమ్ములుంటారు."

ఆ ఏడాది ఆస్తమా ఉన్న ఒక కండక్టర్ని నడుస్తున్న బస్సులోంచి తోసేశారు. ఒక టీచరు ఇంటికి నిప్పు పెట్టారు. ఆయాసం ఉందంటే ఇల్లు అద్దెకివ్వడం మానేశారు. రోగులు ఆసుపత్రులకి రావడం మానేశారు.

రికార్డుల్లో ఆస్తమా కేసులు దాదాపు లేకుండా పోయాయి. ప్రభుత్వం మెహరున్నీసాకి శాలువా కప్పి సన్మానించింది.

వంకరగా అతుక్కున్న చేత్తో పైడితల్లి ఇంకో షెడ్డులో పని అడిగింది. అక్కడి మేస్త్రీ ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఆయాసం గీయాసం ఏమైనా ఉందా?"

"నేదు బాబూ."

అతను నిశ్చింతగా సిగరెట్ ముట్టించి ఆమె మొహం మీదికి పొగ వదిలాడు. పైడితల్లి దగ్గు గొంతులోనే నొక్కిపట్టి నవ్వింది.