మోచేతికి బెత్తెడు కింద

పొద్దున్నే టీ గ్లాసుతో పెరట్లోకి వచ్చిన బట్టల షావుకారుకు ముందుగా మేస్త్రి వీపే కనిపించింది. నీడలో నిలబడి అజమాయిషీ చేసే రకం కాదతను. సిమెంటు తానే కలుపుకుని, ఇటుక తానే పేర్చుకుంటాడు. ఇంటి వెనక కొత్త వంటగది, దాన్నానుకుని తనకో గది కట్టించుకోవాలనుకున్నప్పుడు షావుకారు ఇలాంటివాడి కోసమే వెతికాడు. పది చేతులు మారిన సరుకుకు ఎవరూ పూచీ పడరు. చేసేవాడు ఒక్కడే అయితే నిలదీయడానికీ ఒక్కడే దొరుకుతాడు. అదీ ఆయన లెక్క.

ఆ లెక్కలో ఒకటి మరిచిపోయాడు. మధ్యలో ఎవరూ లేని మనిషికి ఇంట్లో ఎవరైనా నేరుగా చెప్పొచ్చు. చెప్పిన మాట సాయంత్రానికల్లా గోడై కూర్చుంటుంది.

మందుల షాపులో పనికి బయలుదేరిన కోడలు, భుజాన సంచితో వచ్చి కొత్త వంటగట్టు దగ్గర ఆగింది. పైన బండ ఇంకా వెయ్యలేదు. చెయ్యి ఆనించి చూసింది. నడుం వంగింది.

“మేస్త్రిగారూ, ఇదెవరి కొలత?”

“గట్టు మోచేతికి బెత్తెడు కిందుండాలమ్మా. అందుకే నిన్న వంట చేసేవాళ్లను రమ్మన్నా. పెద్దమ్మగారు వచ్చారు.”

అత్త కోడలి భుజం దాటదు. మాట చెవినపడి ఆవిడే బయటికొచ్చింది.

“అవును, నేనే వెళ్లాను. తప్పా?”

“రెండు పూటలా పొయ్యి దగ్గరుండేది ఎవరత్తయ్యా?”

“తరిగేదెవరు? ఉప్పు చూసేదెవరు? కూర కుదిరితే నీ చేతి చలవ, మాడితే నా గిన్నె తప్పు!”

పళ్లు తోముకుంటూ వచ్చిన కొడుకు అక్కడి వాలకం చూసి అలాగే వెనుదిరిగాడు. నోట్లో బ్రష్షు ఉన్నంతసేపు ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు.

“మీరాగండి,” అంది కోడలు మొగుడితో. “మీ అమ్మగారి కొలతకు జీవితాంతం నేను వంగలేను. మా షాపు పక్క వాటా ఖాళీగా ఉంది. నిన్ననే చూసొచ్చాను. వేరే ఉందాం.”

మేస్త్రి చేతిలో తాపీ ఆగిపోయింది. నలుగురూ ఒక్కచోట ఉండాలనే షావుకారు ఈ వంటగది తలపెట్టాడు. లాభం సంగతి దేవుడెరుగు, అసలుకే మోసం వచ్చింది.

“పగలగొట్టెయ్ మేస్త్రీ. అమ్మాయి కొలత తీసుకో. ఇక ముందు వండేది తనే,” అన్నాడు షావుకారు.

ఆయన భార్య పాత వంటింట్లోకి వెళ్లి, ఓ చెక్కపీట తెచ్చి ఆయన ముందు పెట్టింది.

“అలాగే కానివ్వండి. దీన్ని మాత్రం పారెయ్యకండి. మళ్లీ నాకు కావాలి.”

“కూర్చోడానికి కుర్చీ ఉందిగా?”

“కూర్చోడానికా! పాత గట్టు మీ అమ్మగారికి కట్టింది. ఆవిడ మీ అంత పొడుగు. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ నేను దీని మీదెక్కే గట్టు అందుకుంటున్నాను.”

షావుకారు పీట వంక చూశాడు. గిరాకీ గడప తొక్కగానే భుజం చూసి చొక్కా సైజు చెప్పగలడాయన.

“నిన్న మేస్త్రిగారు చెయ్యి మడవమంటే మడిచాను,” అందావిడ. “ఇన్నేళ్లలో నా కొలత అడిగినవాళ్లు లేరు. సంతోషమేసి, వండేది నేనే అన్నాను. అబద్ధమే.”

కోడలు సంచి దించి, పీట ముందు కూర్చుంది. చెక్క రెండుచోట్ల, పాదాల మేరకు అరిగిపోయి ఉంది.

“రోజూ దీన్ని కాలితో పక్కకు తోసి వండుతున్నానత్తయ్యా,” అంది మెల్లగా. “అడ్డమనుకున్నాను.”

“నువ్వు తోసేదానివి, నేను మళ్లీ లాక్కునేదాన్ని.”

ఇద్దరికీ నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. కోడలే ముందు తేరుకుంది.

“మేస్త్రిగారూ, ఇది ఉండనివ్వండి. పక్కనే నాకొకటి కట్టండి.”

“చోటేదమ్మా? ఆ గోడ జరగాలి. అవతల షావుకారుగారి గది.”

అందరూ ఆయన వైపు చూశారు. కొట్టు కొడుక్కి అప్పగించాక, వచ్చినవాళ్లతో దర్జాగా కూర్చుందామని ముచ్చటపడి వేయించుకున్న గది.

“జరుపు,” అన్నాడు షావుకారు.

“ఎంతమేరకు?”

“ఇద్దరూ పక్కపక్కన నిలబడేంత.”

“నిలబడితే సరా?” కళ్లు తుడుచుకుంటూనే అంది భార్య. “ఒకళ్ల గరిటె ఒకళ్లకు తగలకుండా తిరగొద్దూ?”

మేస్త్రి నవ్వి, గోడ కొలతకు కట్టిన దారాన్ని ఆ గదిలోకి ఇంకో మూరెడు లాగాడు. షావుకారు చూస్తూ నిలబడ్డాడు. బేరమాడలేదు.