పచ్చ టిక్కును నమ్మని మనిషి

సోమవారం పొద్దున సోమలింగం శవం సూరత్‌లో తాపీ నది ఒడ్డున దొరికింది. కాలు జారి పడ్డాడని పోలీసులు రాసుకున్నారు. అతను పనిచేసే గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో ఎవరూ నమ్మలేదు. చనిపోవడానికి గంట ముందు ఆ ఏజెంట్ ఢిల్లీకి ఫోన్ చేసి రెండే ముక్కలు చెప్పాడు: "అప్‌డేట్‌లో తేడా ఉంది. టెస్టులు నడిపి చూడండి."

బుధవారం ఉదయం అదే ఊళ్లో, అడాజన్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఏజెంట్ శ్యాంసుందర్ ట్రైనీ టెస్టర్‌గా చేరాడు. వయసు యాభై మూడు. మెడలో ఐడీ కార్డు, చుట్టూ కూతురి ఈడు పిల్లలు. ఇరవై ఏడేళ్ల సర్వీసులో ఫకీరు వేషం వేశాడు, పెళ్లికొడుకు వేషమూ వేశాడు. ఇంత నీరసమైన వేషం ఎన్నడూ వేయలేదు.

చీఫ్ రామలింగేశ్వరరావు ఫోన్‌లోనే బ్రీఫింగ్ ముగించాడు. సూరత్‌లో బట్టలకు రంగులద్దే నలభై డైయింగ్ మిల్లుల బాయిలర్లు ఈ కంపెనీ సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తాయి. ఆవిరి ఒత్తిడి హద్దు దాటితే బర్నర్‌ను ఆపేది అదే. చాలా మిల్లుల్లో సేఫ్టీ వాల్వులు పేరుకే ఉన్నాయి. విదేశీ ముఠా ఒకటి అందులో ఎక్కడో వేలు పెట్టింది. ఈ మధ్యాహ్నం మూడింటికి కొత్త అప్‌డేట్ అన్ని మిల్లులకూ ఒకేసారి వెళ్తుంది.

"ఆధారం లేకుండా ఆపించలేం. కంపెనీ రూల్ ఒకటుంది. ఒక్క టెస్ట్ తప్పి ఎర్రబడినా అప్‌డేట్ కదలదు. ఆ ఎరుపు నువ్వు చూపించాలి. మనవాళ్లు కింద లాబీలో ఉంటారు."

గాడ్జెట్ ఏమిటని అడిగితే, కోడ్ రాసే ఎడిటర్‌లో టెస్టులు నడిపే ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టాల్ చేసుకోమన్నాడు.

కాంటాక్ట్ పేరు ప్రవల్లిక. కంపెనీలో టెస్ట్ లీడ్, మూడేళ్లుగా డిపార్ట్‌మెంట్ మనిషి. నెమలికంఠం రంగు పట్టుచీరలో ఆమె నడిచొస్తుంటే ఆఫీసులో టైపింగ్ చప్పుడు ఆగిపోయింది.

"లోచో వేడిగా ఉందా?" అన్నాడు శ్యాంసుందర్, సూరత్ టిఫిన్ పేరెత్తి.

"ఉంది. పైన చల్లే సేవ్ తక్కువైంది," అంది ప్రవల్లిక. సంకేతం కలిసింది.

ఆమె చూపించిన చిన్న టెస్టింగ్ గదిలో కూర్చున్నాడు. ఎక్స్‌టెన్షన్ నిమిషంలో ఎక్కింది. కానీ టెస్టులేవీ దొరకలేదని చెప్పింది. గంటసేపు కుస్తీ పట్టాడు. చివరికి ప్రవల్లికే నవ్వి తప్పు చూపించింది. అవసరమైన కాగితం తప్ప ఫైలు మొత్తం ముట్టుకోకూడదన్నది డిపార్ట్‌మెంట్ అలవాటు. ఆ అలవాటుతో అతను ఒక్క ఫైలే తెరిచి కూర్చున్నాడు. ఫోల్డర్ మొత్తం తెరిస్తేనే ఎక్స్‌టెన్షన్‌కు టెస్టులు కనిపిస్తాయట. తెరిచాడు. ఎడమ పక్క లేబొరేటరీ సీసా బొమ్మ నొక్కితే రెండొందల పన్నెండు టెస్టులు బారులు తీరాయి. రన్ నొక్కితే అన్నీ పచ్చ టిక్కులే.

సోమలింగం పొరబడ్డాడని, ఇక విశ్రాంతి తీసుకోమని చెప్పి ప్రవల్లిక మీటింగ్‌కి వెళ్లింది. అతనికీ నమ్మాలనే ఉంది. మోకాళ్లు నొప్పి, కళ్లు మంట. కానీ పాతికేళ్లు సాక్షులను విచారించిన వాడికి ఒక చాదస్తం ఉంటుంది: అన్నిటికీ అవుననే సాక్షికి ఒక అబద్ధం చెప్పి చూడాలి. కోడ్‌లో బాయిలర్ ఒత్తిడి హద్దు పదహారని ఉంది. దాన్ని తొంభై తొమ్మిది చేసి రన్ నొక్కాడు.

పచ్చ.

టెస్ట్ తెరిచి చూశాడు. హద్దు ఎంతని కోడ్‌నే అడిగి, అది చెప్పిన అంకె సరైనదేనంటోంది. దొంగ చేతికి తాళం చెవులు ఇచ్చినట్టుంది. రాసినవారి పేరు: ప్రవల్లిక.

టైము రెండూ యాభై రెండు. అంకె మళ్లీ పదహారు చేశాడు. మరి అసలు హద్దు ఎంత? ఆమె చెయ్యి పడ్డ ఏ కాగితాన్నీ నమ్మలేడు. భేస్తాన్ మిల్లులో బాయిలర్ నడిపే రాజనర్సుకు ఫోన్ కలిపాడు. సిరిసిల్ల మనిషి, పాత ఇన్‌ఫార్మర్. ఇప్పుడు ఆ బాయిలర్ పక్కనే నిలబడి ఉన్నాడు.

"పది దాటంగనే బర్నర్ బంద్ కావాలె సార్. పదిహేడేండ్ల సంది గదే చూస్తున్న. ఏమైంది?"

"లైన్‌లో ఉండు," అన్నాడు శ్యాంసుందర్.

ఒక్క వేలితో కొత్త టెస్ట్ కొట్టాడు: హద్దు పదే ఉండాలి. సర్వర్‌కు పంపే బటన్ నొక్కేసరికి వెనుక తలుపు గడియ పడింది. ప్రవల్లిక చేతిలో చిన్న పిస్టల్.

"కీబోర్డ్ మీంచి చేతులు తియ్యండి సార్. సోమలింగం గారూ ఇలాగే మొండికేశారు."

అతను చేతులెత్తాడు. స్క్రీన్ మీద గుండ్రం తిరుగుతోంది. మూడింటికి ఇంకా ఏడు సెకన్లు. తన ప్రాణం గుర్తు రాలేదు, ఫోన్‌లో ఊపిరి వినబడుతున్న రాజనర్సే గుర్తొచ్చాడు. మూడు సెకన్లు. రెండు. ఒకటి.

ఎర్ర గుర్తు వెలిగింది. అప్‌డేట్ ఆగిపోయింది.

"ఇప్పుడు కాల్చినా అది పచ్చబడదమ్మా," అన్నాడు అలసటగా. "కింద లాబీలో మావాళ్లున్నారు. తప్పించుకునే దారి లేదు."

ఆమె పిస్టల్ బల్ల మీద పెట్టింది.

ఫోన్‌లో రాజనర్సు ఇంకా ఉన్నాడు. "ఏం కాకపాయె సార్. షిఫ్ట్ మారింది, చాయ్ తాగవోతున్న." ఆ మాటకు శ్యాంసుందర్ కళ్లు చెమర్చాయి.

సాయంత్రం చీఫ్ నుంచి అభినందనలు వచ్చాయి. ప్రవల్లిక రాసిన తక్కిన రెండొందల పదకొండు టెస్టులూ నమ్మడానికి లేదు గనుక, డిపార్ట్‌మెంట్‌లో ఎక్స్‌టెన్షన్ వాడడం వచ్చిన ఏకైక అధికారిగా, వాటన్నిటినీ మళ్లీ అతనే రాయాలట.