పాల సొసైటీ అడ్రస్

ఏజెంట్ రాంచంద్రను నిన్న పొద్దున తుక్కుగూడ దగ్గర కాల్చి చంపారు. కబురు వచ్చేసరికి తోటి ఏజెంట్ దేవేందర్ చాయ్ తాగుతున్నాడు. తాగడం ముగించి, కప్పు కడిగి బోర్లించాడు. ఏడుద్దామని చూశాడు గానీ రాలేదు.

చీఫ్ బ్రీఫింగ్ ఒక్క నిమిషం. "మొన్న నాలుగింటికి రాంచంద్ర పేరు విదేశీ ముఠాకు చేరింది. ఇవాళ నాలుగింటికి దుబాయ్‌లో ఉన్న మన ఏజెంట్ మౌనిక పేరు వెళ్తుందట. పంపేది ఇబ్రహీంపట్నం పాల సొసైటీ ఐపీ అడ్రస్ నుంచి."

మూడున్నరకు దేవేందర్ ఇంటర్నెట్ మెకానిక్ వేషంలో సొసైటీలో దిగాడు. పది రోజులుగా అక్కడ మన తరఫున కాపు కాస్తున్న డబుల్ ఏజెంట్ మనోజ, దాణా కంపెనీ మేడం అవతారంలో బెంచీ మీద ఫోన్ చూసుకుంటోంది. ఆమె నల్ల కళ్లద్దాల పుణ్యమా అని ఆఫీసులో సగం పని ఆగిపోయింది.

"నెట్ స్లోనా?" కోడ్ వర్డ్ విసిరాడు.

"గేదెల కంటే నయం," అంది.

సెక్రటరీ శంకరయ్య రౌటర్ చూపించాడు. "లోపల పదకొండు కంప్యూటర్లు, బయటికి ఒకటే అడ్రస్. అగ్వకు, తక్కువ పైసలల్ల అయితది, బయటోడు లోపలికి రాలేడన్నరు."

"అవ్. లోపల ఎవడేం జేసినా బయటోనికి తెల్వది."

అది తెలిసేది, లోపలి ఏ నంబరు బయట ఎక్కడికి పంపుతోందో రాసుకునే రౌటర్‌లోని పట్టికకే. పంపడం ముగియగానే ఆ వరుస చెరిగిపోతుంది. చవక డబ్బా, పాత సంగతులేవీ దాచుకోదు. ముందే వైరు పీకితే మౌనిక బతుకుతుంది, ద్రోహి రేపు ఇంకో ఆఫీసు చూసుకుంటాడు.

నాలుగు కొట్టింది. ల్యాప్‌టాప్‌లో విదేశీ అడ్రస్ మెరిసింది. పక్కన లోపలి నంబరు: ఇరవై మూడు.

"ఇరవై మూడు ఎవలది?"

"మనయి పదకొండుతోనే ఆఖరు. గా నంబరు ఫోన్‌ది గావొచ్చు. వచ్చినోళ్లకు చాయ్ ఇస్తం, వైఫై పాస్‌వర్డ్ ఇస్తం. గా మర్యాద లేకుంటెట్ల? ఇయ్యాల మేడం ఒక్కలే వచ్చిన్రు."

దేవేందర్ వైరు పీకాడు. మనోజ చెయ్యి పర్సులోని పిస్టల్‌ను అందుకునేలోపు ఆ చెయ్యి మెలిపెట్టి ఫోన్ లాక్కున్నాడు. పంపడం తొంభై తొమ్మిది శాతం దగ్గర ఆగింది.

"రాంచంద్ర నీ దోస్తు కదా, కోపం రావట్లేదా?" అంది మనోజ.

"ఇంకా రాలేదు."

ఐదింటికి చీఫ్ ఫోన్ చేశాడు. మౌనిక క్షేమం. ఆ మాట దేవేందర్ రెండుసార్లు చెప్పించుకున్నాడు. అయినా లోపల ఏమీ కదల్లేదు. ముందుజాగ్రత్తగా హెడ్ క్వార్టర్స్ సొసైటీ అడ్రస్‌ను ఆరు నెలలు బ్లాక్ చేసిందట.

శంకరయ్య లబలబలాడాడు. "తప్పు ఒక్కలు జేస్తే అందర్ని బంద్ వెడ్తరా?"

"బయటికెల్లి చూస్తే మీరందరు ఒక్కలే, అన్నా."

"మరి అర్జీ ఏడ పెట్టుకోవాలె?"

"ఢిల్లీల. ఆన్‌లైన్‌లనే తీసుకుంటరు."