లాడం ఇంటి చుక్క

ఆ తల్లికి అన్నిటికంటే పెద్ద భయం ఒకటే: తప్పు నంబరు చెప్పి కూతురిని తానే పోగొట్టుకున్నానేమోనని. డిటెక్టివ్ గొలుసుగారి ఎదుట కూర్చుని ఆమె అన్న మొదటి మాట కూడా అదే.

సర్వేయరుగా గొలుసు పట్టుకుని నేల కొలిచిన రోజుల నుంచి ఆయనకు ఆ పేరు. ఆయన కొలిచాక మళ్లీ కొలవక్కర్లేదని సహాయకురాలు వచ్చిన ప్రతివారికీ చెబుతుంది. ఆ రోజు మాత్రం ఆ మాట అనలేదు. వచ్చినామె ఒళ్లో పాప చెప్పుల జత ఉంది.

నెల క్రితం, పట్టపగలు, మూడేళ్ల పాపకు ఊపిరాడలేదు. తల్లి ఫోన్ చేసి ఇంటి నంబరు చెప్పింది. అంబులెన్సు వెనక వీధికి వెళ్లి, తాళం వేసిన గోదాము ముందు ఆగింది. చుట్టూ తిరిగి ముందు వీధికి వచ్చేసరికి పద్దెనిమిది నిమిషాలు ఆలస్యమైంది; పాప దక్కలేదు. ఫోన్ రికార్డులో ఏడుపే తప్ప నంబరు వినపడదు. ఇప్పుడు పటం తెరిస్తే, అంబులెన్సుకు దారి చూపే ఇంటి గుర్తు చుక్క వాళ్ల గేటు దగ్గరే ఉంది. ఇక తప్పు తల్లిదైనా కావాలి, డ్రైవరుదైనా కావాలి. కంగారు మనిషికి బిడ్డను ఎవరిమ్మన్నారని అత్తగారు తేల్చేసింది.

"నాదే అయితే నాదేనని చెప్పండి," అంది ఆమె. "తెలియకుండా మాత్రం బతకలేనండి."

గొలుసుగారు ఇంటికి వెళ్లి చూస్తే స్థలం గుర్రపు లాడంలా వంగి, గోదామును మూడు వైపులా చుట్టుకుని ఉంది. భర్త మంచినీళ్లు తెచ్చిచ్చాడు. ఊరి పటాలు గీసే ఆఫీసులోనే అతని ఉద్యోగం. అడిగినదానికి జవాబిచ్చాడు గానీ తల ఎత్తలేదు.

ఆ ఆఫీసు నుంచే గొలుసుగారు పేట మొత్తం పటం తెప్పించారు. సహాయకురాలు సాయంత్రం దాకా ఒక్కో ఇంటి చుక్కా చూసింది.

"పేటలో అందరికీ చుక్క స్థలం నడుమనే పడిందండీ. వీళ్లకొక్కళ్లకే గేటు దగ్గరుంది."

"అక్కడికి ఎప్పుడు వచ్చిందో చూడమ్మా."

ఆమె ఆఫీసు మార్పుల చిట్టాలో చూసింది. పాప పోయిన మర్నాడు.

ఆదివారం ఉదయం గొలుసుగారు అందరినీ ఆ ఇంటి ముందుగదిలో కూర్చోబెట్టారు. డ్రైవరు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. చుక్క ఎటుంటే అటు పోవడమే తన పని అని నెలరోజులుగా అందరికీ చెప్పి అలిసిపోయాడు.

గొలుసుగారు లాడంలా కత్తిరించిన అట్టముక్క అత్తగారి చేతికిచ్చి, నడుమ వేలు పెట్టి నిలబెట్టమన్నారు. ఆవిడ ఎటు తిప్పినా నడుమ అట్ట లేదు, ఖాళీయే ఉంది.

"ఈ స్థలానికి నడుమ అంటే అదేనమ్మా. ఆ ఖాళీలో ఉన్నది గోదాము. నడుమ ఎక్కడో లెక్కకట్టే పనిముట్టు కంప్యూటర్లో ఒకటుంది. చుక్క స్థలం దాటకుండా చూసేది ఇంకొకటుంది. పటం చేసినవాళ్లు ఊరంతటికీ మొదటిదే వాడేశారు. పలకలాంటి స్థలాలకు నష్టం లేదు. మీ కోడలు నంబరు సరిగ్గానే చెప్పింది. ఈ డ్రైవరు అబ్బాయి చుక్క ఉన్నచోటికే వెళ్లాడు. ఆనాడు ఆ చుక్క గోదాములో ఉంది. మర్నాడు దాన్ని ఎవరో గేటు దగ్గరికి జరిపారు."

భర్త లేచి భార్య ముందుకు వచ్చాడు.

"నేనే," అన్నాడు. "వేల ఇళ్లు కదా, ఒక్క దెబ్బకి అయిపోతుందని వాడేశాను. మన ఇల్లు వంకరని గుర్తే రాలేదు. తర్వాత ఆ చుక్కని చూడలేక జరిపాను. నిన్ను అంటుంటే... నోరు రాలేదు."

ఆమె అతని వైపు తిరిగింది. "నెలరోజులు," అంది. "పక్కనే పడుకున్నావు."

అత్తగారు అట్టముక్కను ఒళ్లో పెట్టుకుని కోడలి వైపు చూడలేకపోయింది. సహాయకురాలు పటం మడిచేసింది. గొలుసుగారి కొలత తప్పలేదని ఆ రోజు ఎవరికీ చెప్పలేదు.

ఊళ్లో చుక్క స్థలం బయట పడ్డ వంకర స్థలాలు ఇంకా నలభై ఒకటి తేలాయి. వాటిని సరిచేయడానికి ఆఫీసులో కూర్చుంటే చాలు. భర్త మాత్రం ఇంటింటికీ నడిచి వెళ్తున్నాడు. ఆమె పుట్టింట్లో ఉంది, అతనితో మాట్లాడదు. ఊరివాళ్లకు ఒక మాట చేరవేయమని గొలుసుగారిని మాత్రం అడిగింది. ఆయన నాకు చెప్పగా ఆ మాటే ఇక్కడ రాస్తున్నాను.

మీ స్థలం వంకరదైతే, చిక్కిపోయిన మనిషొకడు వచ్చి మీ గేటు ఎటువైపని అడుగుతాడు. చూపించండి. ఏమైనా తిన్నాడో లేదో కనుక్కోండి.