వల లోపలి వల

"ఆ కాగితాలు చదివావంటే మనింటి మీద రాళ్లు పడతాయే. ఇవాళ్టికి వెళ్లకు. జ్వరమని చెప్పేస్తాను," అంది తల్లి.

అప్పటికి ఏడు కూడా కాలేదు. రాళ్లు వేసేవాళ్లెవరూ ఇంకా నిద్ర లేచినట్టు లేదు.

"ఎవరికమ్మా జ్వరం?" కూతురు కాగితాలు వరసగా సర్దుకుంటూ నవ్వింది.

"ఎవరికో ఒకరికి. పది గంటల్లోగా నాకైనా వచ్చి తీరుతుంది."

పదింటికి వలల షెడ్డులో సమావేశం. కూతురు రేవు సంఘం ఆఫీసులో గుమస్తా. రేవు ఎలా పెరిగిందో, ఎలా దిగజారిందో రాసి అందరికీ చదవమని సంఘం ఆమెకే అప్పజెప్పింది. చదివాక చేతులెత్తాలి, సన్నకన్ను వలలు మానేయాలా వద్దా అని. రేవులో సగం చేతులు తండ్రి చేతిని చూసి లేస్తాయి. తెరచాప పడవల కాలంలో మొదటి ఇంజిను బిగించి బోటు నడిపిన సరంగు ఆయన. ఇప్పటికీ అందరికీ 'ఇంజిన్ మావయ్యే'. ఆయనకు తలవంపులు వచ్చే మాట కూతురి నోటే వస్తుందేమోనని తల్లి మూడు రోజులుగా అన్నం సరిగ్గా తినలేదు.

తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ ఆయనే వచ్చి కూర్చున్నాడు. "చదువు. షెడ్డులో వినేదేదో ఇంట్లోనే వింటాను."

కూతురు చదివింది. పడవలు, ఇంజిన్లు, ఐస్ ఫ్యాక్టరీ వచ్చిన ఏడాది, రొయ్యలు ఒలిచే షెడ్డులో మూడు వందల మంది ఆడవాళ్లు. ఆయన ముఖం విప్పారింది.

"పన్నెండు కాదు, పద్నాలుగు గుర్రాల ఇంజిను. దిద్దుకో."

దిద్దుకుని తరవాతి కాగితం తీసింది. గొంతు కొంచెం తగ్గింది. "అప్పుడే ఒక బోటులో వల చివరి సంచికి లోపల ఇంకో వల వేసి కుట్టారు, దోమతెరంత సన్నకన్నులది. వేలెడంత చేప కూడా తప్పించుకోలేదు. చేపల్ని ఎండబెట్టి పొడి చేసే మిల్లు ఆ పిల్ల చేపల్ని తట్టలకు తట్టలు కొంది. ఏడాదిలో రేవంతా అదే పని. పదేళ్లకు పెద్ద చేప కనిపించకుండా పోయింది. ఐస్ ఫ్యాక్టరీ మూతపడింది, ఒలిచే షెడ్డూ మూతపడింది."

"ఏ బోటు?" అన్నాడు తండ్రి.

"రాయలేదు నాన్నా. నిన్నడిగి రాద్దామని."

"ఆ బోటే నీకు అన్నం పెట్టింది! నిన్ను చదివించింది!"

"కాదన్నానా? అది మూడో కాగితంలో ఉంది."

"ఊరందరి ముందూ నన్ను దోషిని చేసి నిలబెడతావన్నమాట!"

"ఆయన్నేమీ అనకు!" తల్లి గభాలున మధ్యలోకి వచ్చింది. తన గొంతు అంత గట్టిగా పలుకుతుందని ఆమెకే తెలీదు. "కుట్టింది నేను. ఈ వంటగది గుమ్మంలో కూర్చుని రెండు రోజులు కుట్టాను. రేవులో ఆడవాళ్లంతా 'వదినా, ఎలాగో చూపించవా' అంటూ వచ్చారు. చూపించాను. ఏం దాచుకోను, అప్పుడు గొప్పగానే అనిపించింది. ఎవర్నైనా అనాలంటే నన్నే అనమను."

కూతురు కాగితాలు బల్ల మీద పెట్టేసింది. "మిమ్మల్ని ఎవరిచేతా అనిపించడానికి కాదమ్మా. చేప ఇప్పుడిప్పుడే మళ్లీ మొహం చూపిస్తోంది. కొత్త బోట్లవాళ్లు అప్పుడే లోపలి వల కుట్టేస్తున్నారు. ముందోసారి ఏం పోయిందో వాళ్లకెవరూ చెప్పలేదు. గుమస్తా పిల్ల చదివితే చెవిన పెడతారా?" తండ్రి వైపు తిరిగింది. "ఒక్కటే అడుగుతాను నాన్నా. ఆ చేపలు ఇంకా ఎదగాల్సిన పిల్లలని అప్పుడు మీకెవరికీ తెలియలేదా?"

ఆయన ముందున్న టీ గ్లాసును కాస్త పక్కకు జరిపాడు. గ్లాసులో టీ మీద మీగడ కట్టింది. వీధిలో ఎవరో మోటారు సైకిలు నాలుగుసార్లు తన్ని, అయిదోసారికి తిట్టుకుంటూ నడిపించుకుపోయారు. ఈ లోపల తల్లి మనసులో చాలా జరిగిపోయాయి. ఆయన ఇల్లు విడిచి వెళ్లిపోయాడు, కూతురు ఉద్యోగం మానేసింది, తండ్రీకూతుళ్లు పదేళ్లు మాట్లాడుకోలేదు, ఇద్దరికీ మధ్య కబుర్లు మోసి మోసి తను మంచాన పడింది.

"తెలుసు," అన్నాడాయన చివరికి. "మొదటిసారి సంచి విప్పిన రోజే తెలుసు. మీ అమ్మ ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని, 'ఇంకా పెద్దదవ్వాలి కదండీ ఇది, అన్నీ ఇలా పట్టేస్తే రేపేం మిగులుతుంది' అంది. 'నీకన్నిటికీ భయమే' అని రేవంతా వినేలా నవ్వాను."

ఆ మాట తను అన్నట్టు తల్లికే గుర్తు లేదు. ఇన్నేళ్లూ ఆయన మోస్తున్నాడని అసలే తెలీదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"రాసుకోనా నాన్నా?"

"వద్దు. అక్కడిదాకా చదివి ఆగు. ఆ తరవాతది షెడ్డులో నేనే లేచి చెబుతాను."