వారానికి పదహారు మాటలు

"పదహారింట్ల మూడా?" ల్యాప్‌టాప్‌ను నిఖిల వైపు తిప్పాడు కౌశల్. "కండ్లు మూసుకొని బొమ్మా బొరుసూ ఏసినా ఎనిమిదొస్తయి. నీకు మూడెట్లొచ్చినయి?"

సింగపూర్‌లోని వన్-నార్త్‌లో వాళ్ళ ఆఫీసు పాంట్రీ. మంగళవారం మధ్యాహ్నం. బయట డిసెంబరు వాన అద్దాలను ఏకధాటిగా బాదుతోంది.

"సరదాకి ఆడుతున్నాం. ఆట లాహ్, అంతే," అంది నిఖిల అక్కడి యాసలో, మైలో కప్పులోకి చూస్తూ.

ఆ ఆట అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్. పేరుకు ఫుట్‌బాలే గానీ బంతిని కాలితో తన్నేది తక్కువ, మనిషి మీద మనిషి పడి నలగ్గొట్టుకునేది ఎక్కువ. వారానికి పదహారు ఆటల దాకా ఉంటాయి. అవి మొదలుకాకముందే ఏ ఆటలో ఎవరు గెలుస్తారో రాసివ్వాలి. కంపెనీకి ఎన్ని దేశాల్లో ఆఫీసులున్నాయో అన్నీ ఈ జోస్యంలో పోటీ పడుతున్నాయి. సింగపూర్ జట్టుకు పెద్ద కౌశల్. సింగపూర్ స్థానం అట్టడుగు. ఆ అడుగున పునాదిరాయి నిఖిల.

"గదే చెప్తున్న. గింత తప్పు చెప్పాలంటే ఒప్పేదో పక్కా తెలిసుండాలె," అన్నాడు కౌశల్. సిద్దిపేట పిల్లవాడు, మనసులో ఏముంటే నాలుక మీద అదే. "సెప్టెంబర్ సంది చూస్తున్న. తెలిసి తెలిసి ఉల్టా పెడుతున్నవ్. మేమంటే గంత ఎగతాళా నీకు?"

ఆ జాబితా నాది కాదు, మా నాన్నది. ఈ మాట నిఖిల గొంతు దాకా వచ్చింది. కానీ కన్నతండ్రి పడిపోయిన నోటిని పాంట్రీ బల్ల మీద పెట్టి నలుగురికీ చూపించడానికి మనసొప్పలేదు. వచ్చిన మాటను మైలోతో పాటు మింగేసింది.

"సరే. నా పేరు కొట్టెయ్."

ఆమె పోట్లాడుతుందనుకున్నాడు కౌశల్. పోట్లాడితే తగ్గుదామనే అనుకున్నాడు. తగ్గడానికి ఆమె చోటివ్వలేదు.

"కొట్టేస్త," అన్నాడు మొండిగా. కొట్టేశాడు.

* * *

నిఖిల తండ్రి రాజారావుది నరసాపురం. జురాంగ్ షిప్‌యార్డులో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసి, పాసిర్ రిస్ ఫ్లాట్‌లో విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. విశ్రాంతి ఒంటికే గానీ నోటికి కాదు. ఆయన కోతలు కోస్తుంటే ఎదురింటి టాన్ అంకుల్ కూడా, భాష సగమే అర్థమైనా, కుర్చీ తెచ్చుకుని కూర్చునేవాడు.

వయసులో ఉన్నప్పుడు ఆయన ఓ డేగపుంజును పెంచాడట. అది నరసాపురం రేవులో ఎగిరితే గోదావరికి అవతల సఖినేటిపల్లి గట్టు మీదే వాలేదట. అక్కడ పందెం గెలిచి, రెక్కలు నొప్పిగా ఉంటే సాయంత్రం ఏరు దాటించే పంటెక్కి తిరిగొచ్చేదట.

"ఎంత దూరం నాన్నా?" అని చిన్నప్పుడు నిఖిల అడిగితే, "మైలుంపావు," అనేవాడు తడుముకోకుండా. తర్వాత చెవిలో చెప్పేవాడు: "అబద్ధానికి అంకె గుండ్రంగా ఉండకూడదమ్మా. అరో పావో తగిలించాలి. అప్పుడే నమ్ముతారు."

పోయినేడు నిఖిల టీవీలో ఈ అమెరికా ఆట చూస్తుంటే ఆయన వెనక నిలబడి చాలాసేపు చూశాడు. "బంతి కోడిగుడ్డులా ఉంది. నెత్తి మీద కోడిజుట్టులాంటి టోపీ. గుడ్డు కోసం ఇంతలా కొట్టుకుంటున్నారంటే వీళ్ళు మనుషులు కారే, పుంజులు! దీనికి కుక్కుటశాస్త్రం చాలు," అని తేల్చాడు.

జూలైలో ఓ ఉదయం కాఫీ గ్లాసు చేతిలోంచి జారింది. కుడిచెయ్యి పడిపోయింది. మాట పడిపోయింది.

రెండు నెలలు ఆ ఇంట్లో ఫ్యాన్ చప్పుడు తప్ప మరోటి లేదు. స్పీచ్ థెరపిస్టు అరటిపండు బొమ్మ చూపించేది, పిల్లి బొమ్మ చూపించేది. జీవితంలో ఒక్క రోజూ ఉన్నదున్నట్టు చెప్పని మనిషి, అరటిపండును అరటిపండని ఎలా అంటాడు? తల తిప్పుకునేవాడు.

సెప్టెంబరులో ఓ గురువారం సాయంత్రం నిఖిల సోఫాలో ఆయన పక్కన కూర్చుని కౌశల్ పంపిన జాబితా నింపుతోంది. స్క్రీను మీద ఎర్ర చొక్కాల జట్టు బొమ్మ వచ్చింది.

"డే...గ," అన్నాడు రాజారావు.

వంటింట్లో నిఖిల తల్లి వసుంధర చేతిలో గరిటె కింద పడింది.

ఆనాటి నుంచి ప్రతి గురువారం ఆ ఇంటికి పండుగ. ఎర్ర చొక్కా డేగ, నల్లది కాకి, తెల్లది సేతువు, మిగిలిన రంగులన్నీ ఆయన లెక్కలో నెమలి. ఏ రోజున ఏ వన్నె పుంజు గెలుస్తుందో కుక్కుటశాస్త్రం చెబుతుంది. నిఖిల రెండు రంగులు చదువుతుంది. ఆయన ఎడమచేతి వేళ్ళు లెక్కపెట్టుకుని ఒకటి పలుకుతాడు. ఆటకో మాట. "ఆపకండి," అంది థెరపిస్టు. "ఈ మాటల దారినే మిగిలినవీ వస్తాయి."

మంగళవారం నిఖిల ఫలితం చెప్పేది. "పన్నెండు గెలిచాం నాన్నా!" వచ్చింది మూడైనా, నాలుగైనా, పన్నెండే.

ఆ రంగుల సంగతీ ఒకటుంది. "ఏ జట్టు ఏ రంగు చొక్కా వేసుకుంటుందో కూడా పెడతావా?" అని ఆమె మొదట్లో ఒక్కసారి కౌశల్‌ని అడిగింది. ఎందుకని అతను అడగలేదు. అప్పటినుంచి ప్రతి జాబితాలోనూ రంగుల గడి ఉంటోంది.

* * *

ఆ గురువారం జాబితా రాలేదు.

రాజారావు ఆరింటికే సోఫాలో చేరాడు. జుట్టు దువ్వించుకున్నాడు. ఎడమచెయ్యి ఒళ్ళో సిద్ధంగా పెట్టుకున్నాడు.

"నాన్నా, ఈ వారం ఆటలు లేవు," అంది నిఖిల. "అక్కడ మంచు పడుతోందట."

అబద్ధాల్లో పండిన మనిషికి పచ్చి అబద్ధం రుచి తెలియదా? కూతురి ముఖంలోకి ఒక్కసారి చూశాడు. తన పందేల మూలంగా పిల్లకెక్కడో మాట పడిందని అర్థమైపోయింది. నెమ్మదిగా చెయ్యి తీసి దుప్పటి కింద పెట్టుకున్నాడు.

శుక్రవారం పలకలేదు. శనివారం థెరపిస్టు వస్తే కళ్ళు మూసుకున్నాడు. ఆదివారం, మంచినీళ్ళు కావాలన్నా వేలితోనే చూపించాడు.

"ఏమైందే?" అంది వసుంధర. నిఖిల చెప్పింది. "ఆ అబ్బాయికి తెలియదు కదమ్మా. తెలియనివాడి మీద అలిగితే ఏం లాభం? వెళ్ళి చెప్పు," అంది తల్లి.

సోమవారం ఉదయం, వన్-నార్త్ స్టేషను బయట, వాన తగ్గేదాకా ఆగిన జనం మధ్య నిలబడి నిఖిల అంతా చెప్పింది. ఏడవకూడదనుకుంది. డేగ అన్న చోట ఆగి, మళ్ళీ మొదలుపెట్టింది.

కౌశల్ చేతిలోని గొడుగు ముడిచి ఆమె వైపు తిరిగాడు.

"నీ పేరు కొట్టేసిననుకున్న," అన్నాడు. "ఆయన మాటలు కొట్టేసిన."

"నీకు తెలియదు కదా."

"అడగాలె కదా నిఖిలా. లెక్కలు అడిగిన, మనిషినడగలె." ఫోను తీసి చూపించాడు. పోయిన వారం జాబితా అందులో ఉంది. పదహారు ఆటలకూ రంగుల గడి నిండి ఉంది. "బుధవారం రాసి పెట్టిన. పంపుదామంటే నా మొండితనం అడ్డమొచ్చింది. గురువారం మీ ఇంటికి నేనే రావొచ్చునా?"

* * *

జురాంగ్ ఈస్ట్‌లో ఉంటాడు కౌశల్. అక్కణ్ణుంచి పాసిర్ రిస్ అంటే ఊరికి ఆ కొస నుంచి ఈ కొస. గురువారం సాయంత్రం, తడిసిన గొడుగు గుమ్మం బయట పెట్టి, చేతులు కట్టుకుని లోపలికొచ్చాడు.

"నమస్తే అంకుల్. నేను కౌశల్. ఈ జాబితాలు రాసేది నేనే."

రాజారావు చూశాడు. పలకలేదు.

నేల మీదే కూర్చుని చదివాడు కౌశల్. "మొదటి ఆట అంకుల్. ఎరుపుకు తెలుపుకు." ఫ్యాన్ తిరిగింది. "రెండోది. నలుపుకు నీలానికి." దుప్పటి కింద చెయ్యి కదల్లేదు.

గాబరా పడితే కౌశల్ నోటికి కళ్ళెం ఉండదు. "అంకుల్, నిజం చెప్తున్న, మీ అసుంటోణ్ణి నేను చూడలే! ఇరవై ఏండ్ల ఆటల లెక్కలు కంప్యూటర్ల ఏసి నేను పది కొడుత. మీరు పదహారింట్ల పదమూడు తప్పు కొట్టినరు. గంత ఓడిపోవుడు ఎవరి వల్లా కాదు!"

నిఖిల ఆపమని చెయ్యి అడ్డం పెట్టింది.

రాజారావు మెల్లగా కూతురి వైపు తిరిగాడు. వారం తర్వాత ఆయన పెదవులు కదిలాయి.

"పన్...నెండు?"

నిఖిల ఆయన మోకాళ్ళ దగ్గర కూలబడింది. "మూడు నాన్నా. ఎప్పుడూ మూడో నాలుగో. నేనే అబద్ధం చెప్పాను."

"తె...లుసు."

"తెలుసా?"

"అయ్యో పిచ్చితల్లీ," అంది వసుంధర కళ్ళొత్తుకుంటూ. "వారం వారం ఒకటే అంకె చెబితే మీ నాన్న నమ్ముతారుటే? నిన్ను నాకు వేలితో చూపించి కన్నుగీటేవారు."

కౌశల్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఆంటీ, ఏమనుకోవద్దు. అంకుల్ లెక్క ఎట్ల కడ్తరు? రంగొక్కటేనా?"

"రంగూ, రోజూ బాబూ. సోమవారం ఒక వన్నెకి బలం, ఆదివారం ఇంకో వన్నెకి."

"మరి ఈ ఆటలకు ఏ రోజు పట్టినరు?"

"టీవీలో ఎక్కువ ఆటలొచ్చేది సోమవారం పొద్దునే కదా? సోమవారమే."

కౌశల్ లేచి నిలబడ్డాడు. "ఆంటీ! మనకు సోమవారం పొద్దుగాల అంటే ఆడ ఇంకా ఆదివారమే. అన్ని ఆటలకూ అంతే. మనం వాళ్ళకంటే ఒక రోజు ముందున్నం!"

పుంజు ఏ బరిలో దిగితే ఆ బరి దగ్గరి రోజే చూడాలన్నది నరసాపురంలో పసిపిల్లలకూ తెలిసిన ముక్క. ఇరవై ఎనిమిదేళ్ళు సముద్రం మీద ఓడలు పంపిన మనిషి, ఒక్క రోజు తేడా మరిచిపోయాడు.

"ఆది...వారం," అన్నాడు రాజారావు. మళ్ళీ అన్నాడు. "ఆదివారం!" ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకుని నిఖిల పట్టుకోబోయింది. ఆయన నవ్వుతున్నాడు. జూలై తర్వాత మొదటిసారి.

దుప్పటి తొలగింది. ఎడమచెయ్యి బయటికొచ్చింది. మొదటి ఆటకు సేతువు. రెండో ఆటకు కాకి. పదహారు ఆటలూ అయ్యేసరికి కిటికీ బయట వాన కూడా అలిసిపోయి ఆగింది.

గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ కౌశల్ గొంతు తగ్గించాడు. "ఆఫీసుల నలభై మందిమి ఆడుతున్నం. రంగుల గడి ఒక్క నీ జాబితలనే ఉంటది, తెలుసా?"

"తెలుసు."

"ఎప్పటి సంది?"

"మూడో వారం నుంచి. అందరి జాబితాలూ అడిగి చూశాను."

"మరి అనలేదేంది?"

"నువ్వంటావేమోనని ఆగాను లాహ్." నిఖిల గొడుగు తీసి అతని చేతికిచ్చింది. పిడి ఇద్దరి చేతుల్లోనూ కాసేపు ఉండిపోయింది. "ఇరవై ఏళ్ళ లెక్కలు వేస్తావు, ఇది తెలియలేదా?"

"ఇది ఓడిపోతనేమో అని భయమైంది నిఖిలా. అందుకే లెక్కెయ్యలే."

లోపలి నుంచి సోఫా చప్పుడైంది. రాజారావు ఎడమచెయ్యి ఎత్తి కౌశల్‌ను చూపిస్తున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది.

"మంగళ...వారం."

"ఆఖరాట సోమవారం అంకుల్," అన్నాడు కౌశల్.

"మనకి... మంగళవారం." ఒక్కో అక్షరాన్నీ చేంతాడుతో తోడినట్టు తోడాడు. "రా. భోజనానికి... రా."

ఆ మాటలేవీ జాబితాలో లేవు. డేగా కాదు, కాకీ కాదు. వసుంధర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వస్త అంకుల్," అన్నాడు కౌశల్. వంగి ఆయన పాదాలు తాకి, లిఫ్టు సంగతి మరిచిపోయి పదో అంతస్తు నుంచి మెట్ల మీదుగా దిగిపోయాడు.

* * *

మంగళవారం సాయంత్రం ఫలితాలు చదివింది కౌశల్. పదహారింటిలో తొమ్మిది. అతని కంప్యూటరుకూ ఆ వారం తొమ్మిదే వచ్చాయి. సింగపూర్ అట్టడుగు నుంచి ఒక మెట్టు పైకెక్కింది.

గోంగూర పప్పూ, వేపుడూ వడ్డిస్తుండగా టాన్ అంకుల్ తలుపులోంచి తల పెట్టాడు. "రావ్! ఫుట్‌బాల్, హౌ మెనీ యూ గెట్ ఆ?"

నిఖిల జవాబు చెప్పబోయింది. కౌశల్ కళ్ళతోనే వారించాడు.

రాజారావు కంచం మీది చెయ్యి ఆపాడు. టాన్ అంకుల్ ముఖంలోకి నిదానంగా, ఎంతో గంభీరంగా చూశాడు. ఎడమచేతి వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు.

"థర్టీన్," అన్నాడు. ఊపిరి తీసుకుని, "అండ్... హాఫ్."

"వా!" అన్నాడు టాన్ అంకుల్. నమ్మేశాడు. కుర్చీ తెచ్చుకోవడానికి ఇంటికి పరిగెత్తాడు.

వసుంధర గిన్నె బల్ల మీద పెట్టి గోడ వైపు తిరిగింది. భుజాలు వణుకుతున్నాయి.

"మొదలెట్టారే," అంది నిఖిలతో. "మళ్ళీ మొదలెట్టారు మీ నాన్న."