కొండలు మింగిన కమిటీ

గణేష్‌బాబుని చంపింది లారీ కాదు. మీరు! చచ్చిపోయిన రిఫరీ ఫొటోకి దండ వేసి, దాని పక్కనే మిరపకాయ బజ్జీల పళ్ళెం పెట్టుకుని మేస్తున్న మీ కమిటీ!

ఈ మాట సెక్రటరీ అప్పాజీ మొహాన కొట్టాలని వీరదుర్గ నాలుక దురదపెట్టింది. కొట్టలేదు. 2005లో ఆ సాయంత్రం, రాజమండ్రి హాల్లో ఆమె సీక్రెట్ ఏజెంట్ కాదు. కడియం నర్సరీ యజమానురాలు, ఆన్‌లైన్ ఫ్లైట్ సిమ్యులేటర్ పందేనికి స్పాన్సరు. జరీచీర, బంగారు ఫ్రేము కళ్ళజోడు. ఆ కళ్ళజోడు అసలు బైనాక్యులర్.

పొద్దున చీఫ్ ఫోన్లో క్లుప్తంగా చెప్పాడు.

"హిమాలయ కనుమల మీదుగా పందెం. గెలిచినవాడికి సరిహద్దు సర్వే విమానంలో సీటు. ఆ సీటు మీద విదేశీ ముఠా కన్నేసింది. వాళ్ళ పైలట్ అశోక్."

"రద్దు చేయించండి సార్."

"ముఠా జారుకుంటుంది. దొంగాట అందరి ముందూ బయటపడాలి. అక్కడ మన మనిషి లావణ్య ఉంది. కోడ్ 'మల్లె అంట్లు'."

దొంగాట ఏంటో గణేష్‌బాబు ముందే పసిగట్టాడు. ఈ ఆటలో ఎవరి కొండలు వాళ్ళ కంప్యూటర్లోనే ఉంటాయి. తన ఫైల్లో కొండలు తీసేసుకున్నవాడు నేరుగా దూసుకుపోతాడు. మిగతావాళ్ళు లోయల్లో మెలికలు తిరుగుతూ ఉంటారు. ఫైనల్‌కి ముందు అందరి ఫైళ్ళూ చెక్ చేయాల్సిందేనని పట్టుబట్టాడు. మర్నాడే లారీ గుద్దింది. కమిటీ 'అయ్యో పాపం' అనేసి, చెకింగ్ కూడా ఎత్తేసింది. థూ!

మైకు పట్టుకుని కామెంటరీ చెప్తున్న లావణ్య దగ్గరికొచ్చింది. నెమలికంఠం రంగు చీర, నాలుగు వరసల దాకా సెంటు వాసన.

"మల్లె అంట్లు ఉన్నాయాండీ?"

"వానలు పడ్డాక రండి," అని బదులు కోడ్ చెప్పి వీరదుర్గ లేచి నిలబడింది. గొంతు పెంచింది.

"ఒక్క షరతండి! మా వైపు అన్నదమ్ములు ధాన్యం పంచుకుంటే, కుప్పలు పోసినవాడు ముందు తీసుకోడు. ఇక్కడా అంతే. ఎవరి కొండలు వాళ్ళు వాడొద్దు. ఒకరి ఫైలు ఇంకొకరికి!"

అప్పాజీ బజ్జీ మింగాడు. "ఇది టెక్నాలజీ అండి, కళ్ళం కాదు."

"దొంగలు కళ్ళంలోనే ఉంటారేంటండీ? మెయిన్ స్విచ్ దగ్గర నా మనిషున్నాడు. ఇష్టం లేదంటే చెప్పండి, ఆర్పేసి పోదాం."

హాల్లో ఈలలు. ముందు వరస కంప్యూటర్ దగ్గరున్న అశోక్ మొహం పాలిపోయింది. కాదంటే దొరికిపోతాడు.

"అందరి ఫైళ్ళూ సర్వర్‌కి తెప్పించి నేను మార్చేస్తానండి," అంటూ లావణ్య సర్వర్ ముందు కూర్చుంది. వీరదుర్గ కళ్ళజోడు అంచు తిప్పింది. దూరపు తెర కళ్ళ ముందుకొచ్చింది. అశోక్ ఫైలు తిరిగి అశోక్ పేరు మీదకే వెళ్తోంది!

ఒక్క అంగలో చేరి ఆమె చెయ్యి పట్టుకుంది. నడుముకి చల్లగా ఏదో తగిలింది. లిప్‌స్టిక్. లోపల తూటా.

"చెయ్యి తియ్యండక్కా," లావణ్య నవ్వింది. "గణేష్‌బాబు కూడా ఇలాగే మాట విన్లేదు."

"రెండు చోట్లా జీతమా, తల్లీ?"

"ఒక్కటైతే సెంటుకే చాలదండి."

తెర మీద అంకెలు దిగుతున్నాయి. మూడు... రెండు... వీరదుర్గ మోచేత్తో ఆ మణికట్టుని కొట్టి, అశోక్ ఫైలుని ఇంకో పోటీదారు లోవరాజు పేరు మీదకి, లోవరాజు ఫైలుని అశోక్ పేరు మీదకి లాగి ఎంటర్ నొక్కింది. తూటా పోయి బజ్జీల పళ్ళాన్ని ఎగరగొట్టింది. పందెం మొదలైంది.

స్పీకర్లో కాకినాడ నెట్ సెంటర్ నుంచి పోటీచేస్తున్న లోవరాజు గోల పెట్టాడు.

"ఏవండోయ్! నాకు కొండల్లేవండీ! రొయ్యల చెరువులా చదునుగా ఉందండీ! ఇలా గెలిచి మా పేటలో మొహమెట్టుకు తిరగ్గలనేంటండీ? ఆపేస్తున్నా!"

అప్పటికే అశోక్ విమానం మొదటి మలుపులో కొండని గుద్దుకుని ముక్కలైంది. లోయలో తిరగడం వాడు ఏనాడు నేర్చుకున్నాడు గనక! లేచి పరిగెత్తబోతే జనమే కాలర్ పట్టుకున్నారు. వీరదుర్గ చేతిసంచిలోంచి తీసిన బేడీలు లావణ్య చేతులకి పడ్డాయి.

అప్పాజీ నూనె చేతులు పంచెకి తుడుచుకుంటూ వచ్చాడు. "మాకేం తెలీదండి. కుర్రాడు బాగా ఎగురుతున్నాడనుకున్నాం."

"కొండలోంచి దూరిపోతుంటే బాగా ఎగరడమాండీ?"

వీరదుర్గ మైకు తీసి అతని చేతిలో కుక్కింది.

"చెకింగ్ ఎవరు ఎత్తేయమన్నారో పేర్లతో చెప్పండి. ఇప్పుడే! తర్వాత అందరి ఫైళ్ళూ ఈ పెద్ద తెర మీద తెరిచి చూపించి, మిగతావాళ్ళతో పందెం మళ్ళీ పెట్టండి. పోలీసు జీపు రైల్వే గేటు దగ్గర ఆగిందట. ఆ గూడ్సు దాటేలోపు మీకు మనిషయ్యే టైముంది. ఊఁ, కానివ్వండి!"